అన్యోన్యాశ్రయ పథకం తొలి లబ్ధిదారు

రాష్ట్ర సినీ కార్మిక సంక్షేమ మండలి ఛైర్మన్ వరప్రసాద్ గారు ఫిలింనగర్‌లోని మండలి కార్యాలయం మెట్ల మీద నిలబడి, సినీ కార్మికుల చరిత్రను తాను రెండు భాగాలు చేస్తున్నట్టు ప్రకటించారు. మొదటి భాగం నిన్నటితో ముగిసిందన్నారు. రెండోది ఈ రోజు వర్జ్యం వెళ్ళాక మొదలవుతుందన్నారు. విలేకరులు ఫోన్లలో టైము చూసుకున్నారు. వర్జ్యం వెళ్ళడానికి ఇంకా కాస్త వ్యవధి ఉంది. కార్మికులకు ఏ చరిత్రా లేని ఆ కాసేపట్లో అందరికీ సమోసాలు, టీ అందాయి.

తర్వాత తెర లాగారు. వెనక రెండంతస్తుల ఫ్లెక్సీ. దాని మీద 'అన్యోన్యాశ్రయ పథకం' అని బంగారు రంగు అక్షరాలు, వాటి పక్కన అక్షరాల కంటే ఎత్తుగా ఛైర్మన్ గారు. అడుగున ఓ మూల, చేత్తో లైటు స్టాండు పట్టుకుని, ఛైర్మన్ గారి బూటు వైపు కృతజ్ఞతగా చూస్తున్న కార్మికుడు.

పరిశ్రమకు ప్రభుత్వం ఆశ్రయమనీ, ప్రభుత్వానికి పరిశ్రమ ఆశ్రయమనీ, ఇలా ఒకరినొకరు పట్టుకుని నిలబడటాన్నే మన పెద్దలు అన్యోన్యాశ్రయం అన్నారనీ ఛైర్మన్ గారు సెలవిచ్చారు. చప్పట్లు మోగాయి. వెనక వరుసలో వేదవ్యాస్ కూడా చప్పట్లకని చేతులెత్తాడు గాని, ఆ రెండు చేతులూ కలవలేదు.

వేదవ్యాస్ మండలిలో భాషా సలహాదారు. తర్కశాస్త్రం చదువుకున్నవాడు. తండ్రి అర్చకత్వం చేసే గుడిలో దేవుడికి ఆదాయం లేక, కొడుకు ఫిలింనగర్‌లో కాంట్రాక్టు ఉద్యోగానికి వచ్చాడు. ఛైర్మన్ గారి ప్రసంగాల్లో 'గౌరవనీయ' అన్న మాట ఎక్కడైనా జారిపోతే పట్టుకుని మళ్ళీ అక్కడ పెట్టడం అతని పని. పథకానికి పేరు పెట్టిన వారంలో అతను సెలవులో ఉన్నాడు. ఆ భారం పీఆర్వో మల్లికార్జున్ మీద పడింది. అతను బావమరిది పెళ్ళి శుభలేఖ చూసి, అందులోంచి 'అన్యోన్యం' తీసుకుని, దానికి ఆశ్రయం కల్పించాడు.

సభ అయ్యాక వేదవ్యాస్ ఛైర్మన్ గారి గదికి వెళ్ళాడు. పేరు గురించి చిన్న మాట అన్నాడు.

"అదిరింది కదా?" అన్నారు ఛైర్మన్ గారు.

"వినడానికి బాగుంది సార్. కానీ అన్యోన్యాశ్రయం అంటే ఒకరికొకరు సాయం చేసుకోవడం కాదు. తర్కంలో అదొక దోషం."

"భార్యాభర్తలు అన్యోన్యంగా ఉండటం దోషమా ఏంటండీ?"

అన్యోన్యం మంచిదేననీ, ఆశ్రయమూ మంచిదేననీ వేదవ్యాస్ ఒప్పుకున్నాడు. రెండు మంచివి కలిస్తే చెడ్డదెలా అవుతుందని ఛైర్మన్ గారు అడిగారు. మల్లికార్జున్ "పాలు, నిమ్మకాయ" అని ఏదో అనబోయి, ఛైర్మన్ గారి ముఖం చూసి మింగేశాడు.

వేదవ్యాస్ ఓపిగ్గా చెప్పాడు. ఒక మాట నిజమని చెప్పడానికి రెండో మాటను సాక్ష్యం తెస్తాం. ఆ రెండోది ఎలా నిజమయ్యా అంటే మళ్ళీ మొదటిదాన్నే చూపిస్తాం. రెండూ ఒకదాని భుజం మీద ఒకటి చేతులేసుకుని నిలబడతాయి గాని, రెండింటి కాళ్ళ కిందా నేల ఉండదు. సన్మాన పత్రాల్లో, శుభలేఖల్లో అందరూ ఈ మాటను పొగడ్తగా వాడేస్తున్నారు, అది పొరపాటు. పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు, పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు అంటారే, అదీ అన్యోన్యాశ్రయం అంటే.

"సర్కారు పథకాన్ని పట్టుకొని పిచ్చి గిచ్చి అంటవేందన్నా," అన్నాడు మల్లికార్జున్. "బయట గిట్ల మాట్లాడకు. ఎర్రగడ్డ పిచ్చి దవాఖానకు తోలుతరు."

ఛైర్మన్ గారు చెయ్యెత్తి అతన్ని ఆపారు. విమర్శను వినడంలో ఆయన్ను మించినవారు లేరు.

"దోషమని ఎవరన్నారండీ?"

"శాస్త్రం సార్."

"శాస్త్రం చెప్పింది కరెక్టని ఎవరన్నారు?"

వేదవ్యాస్ ఆలోచించాడు. "శాస్త్రమే సార్."

ఛైర్మన్ గారు అతని వైపు జాలిగా చూశారు. "చూశారా, మీ ఇంట్లోనే ఉంది ఆ దోషం."

అయినా ప్రజాస్వామ్యవాది కాబట్టి అక్కడికక్కడే ఏకసభ్య కమిటీ వేశారు. పేరు పెట్టినవాడికే దాని గురించి ఎక్కువ తెలిసి ఉంటుంది గనక మల్లికార్జున్‌ను ఆ ఏకసభ్యుణ్ణి చేశారు. కమిటీ కిటికీ దగ్గరకు వెళ్ళి, సిగరెట్టు కాల్చి, తిరిగొచ్చి నివేదిక ఇచ్చింది. పేరు సరైనదే. కారణం, ప్రభుత్వం వాడుతోంది. ప్రభుత్వం ఎందుకు వాడుతోందంటే, సరైన పేర్లు తప్ప వేరేవి వాడదు. ఈ నివేదికలో అక్షరదోషాలు సరిచూసే బాధ్యత వేదవ్యాస్‌కు అప్పగించారు. అతను సరిచూశాడు.

వేదవ్యాస్ ఉండేది మధురానగర్‌లో, విశాలాక్షి గారి ఇంటి డాబా మీది గదిలో. ఆవిణ్ణి పిన్నిగారూ అని పిలుస్తాడు. విశాలాక్షి గారి వృత్తి ఏడవడం.

హీరోయిన్లకు డబ్బింగ్ చెప్పేవాళ్ళు వేరే ఉంటారు. వాళ్ళు నవ్వులూ అలకలూ ప్రేమలూ అన్నీ చెప్పి, ఇంటి ముందుకు శవం వచ్చే సీను దగ్గర గొంతు పాడవుతుందని పక్కకు తప్పుకుంటారు. అప్పుడు విశాలాక్షి గారికి ఫోను వచ్చేది. ఆవిడ వెళ్ళి, చీర కొంగు నడుముకు దోపుకుని, మైకు ముందు నిలబడి, తెర మీది పెదాలకు సరిపోయేలా ఏడ్చి వచ్చేవారు. మొగుడు పోయిన ఏడుపు వేరు. కొడుకు పోయిన ఏడుపు వేరు. పోయాడనుకున్న మొగుడు గుమ్మంలోకి నడిచొచ్చినప్పటి ఏడుపు వేరు. మూడింటినీ కలగాపులగం చేసేవాళ్ళంటే ఆవిడకు చిరాకు. ఇరవయ్యేళ్ళుగా రెండు రాష్ట్రాల ఆడవాళ్ళూ కొంగులు తడుపుకున్నది ఆ గొంతు వినే. తెర మీద మాత్రం ఆవిడ పేరు ఎప్పుడూ పడలేదు. యూనియన్ కార్డూ రాలేదు. ఎన్ని డైలాగులు చెప్పారో లెక్క చూసి కార్డు ఇస్తారు, ఏడుపులో డైలాగు ఉండదు.

ఇప్పుడు ఆ గొంతులో కాయలు కాశాయి. ఆవిడ మాట్లాడితే సైకిల్ ట్యూబులోంచి గాలి పోయినట్టుంటుంది, అంతే. వానలు తగ్గేలోగా ఆపరేషన్ చేయించకపోతే గొంతు మరి తిరిగి రాదని డాక్టరు చెప్పాడు. సర్కారు ఆసుపత్రిలో వేసిన తేదీ వచ్చే ఏడాదిది. కార్పొరేటు ఆసుపత్రివాళ్ళు చెప్పిన మొత్తం విని ఆవిడ నవ్వారు. ఆ నవ్వు కూడా వినపడలేదు.

కొత్త పథకం సరిగ్గా ఇలాంటివాళ్ళ కోసమే. యూనియన్ కార్డు లేని కార్మికులకు మండలి తరఫున సంక్షేమ కార్డు ఇస్తారు. అది చూపిస్తే ఏ పెద్ద ఆసుపత్రిలోనైనా ఆపరేషన్ ఉచితం. పేరు సంగతి ఎలా ఉన్నా పని జరిగితే చాలనుకుని, వేదవ్యాస్ విశాలాక్షి గారిని దగ్గరుండి మండలి కార్యాలయానికి తీసుకొచ్చాడు.

కౌంటరులో ఉండే తిరుమలేశ్ మర్యాదస్తుడు. ఆవిడకు కుర్చీ వేయించాడు. పథకం దొంగల పాలు కాకూడదని, వచ్చినవాళ్ళు నిజంగా కార్మికులేనని రుజువు చూసుకోవాలని ఛైర్మన్ గారు గట్టిగా చెప్పారట. అందుకని మేకప్‌వాళ్ళు మేకప్ వేసి చూపించాలి. ఫైటర్లు మేడ మీంచి పడి చూపించాలి. ఆ పొద్దున్నే భిక్షం అనే ఫైటర్, షూటింగులో విరిగిన కాలితో వచ్చాడు. పడటానికి ముందు మేడ ఎక్కాలి గదా, ఎక్కలేకపోయాడు. కాలు కట్టించుకుని వచ్చి పడమన్నారు.

"అమ్మా, జర ఏడ్చి చూపించుండ్రి," అన్నాడు తిరుమలేశ్, మైకు జరుపుతూ.

విశాలాక్షి గారు లేచి కొంగు దోపుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. భుజాలు కదిలాయి, మెడ నరాలు లేచాయి, బుగ్గల మీదుగా నీళ్ళు కారి మైకు మీద పడ్డాయి. శబ్దం మాత్రం రాలేదు. గోడకున్న మీటర్లో ముల్లు ఉన్నచోటే ఉంది.

తిరుమలేశ్ మంచినీళ్ళు తెప్పించాడు. గొంతు కళాకారిణి అని కార్డు ఇవ్వాలంటే గొంతుండాలి కదమ్మా అన్నాడు. బాగు చేయించుకుని వస్తే అదే రోజు తానే స్వయంగా కార్డు ఇస్తానని మాటిచ్చాడు.

"బాగు చేయించుకోవడానికే కదండీ కార్డు," అన్నాడు వేదవ్యాస్.

"అవు సార్. కార్డుంటే పైసా ఖర్చు లేదు."

"మరి కార్డు ఎప్పుడిస్తారు?"

"గొంతొచ్చినంక."

వేదవ్యాస్‌కు తన పాఠశాల గుర్తొచ్చింది. పాఠశాలలో గురువుగారు అన్యోన్యాశ్రయానికి ఉదాహరణ దొరక్క ప్రతి ఏడూ తంటాలు పడేవారు. ఇక్కడ ఏసీ గదిలో, టోకెన్ మిషన్ పెట్టి మరీ నడుపుతున్నారు. దుఃఖంలో ఉండవలసిన సమయమని తెలిసినా, చదువుకున్నవాడు కాబట్టి లోపల ఒక రకమైన తృప్తి కలిగింది. ఎన్నో ఏళ్ళుగా తప్పుగా వాడుతున్న మాటను, తెలుగు నేల మీద మొట్టమొదటిసారి, ఒక ప్రభుత్వ సంస్థ సరైన అర్థంలో వాడింది.

పైకి వెళ్ళి ఛైర్మన్ గారికి ఆ మాటే చెప్పాడు. పేరు అతికినట్టు సరిపోయిందనీ, తన అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాననీ అన్నాడు. ఎలా సరిపోయిందో వివరించే వంకతో విశాలాక్షి గారి కథ మొత్తం చెప్పాడు, ఆయనే అర్థం చేసుకుని ఆ ముడి విప్పుతారని ఆశ. ఛైర్మన్ గారు ఆసాంతం విన్నారు. ఒకచోట ఆయన కళ్ళు చెమర్చాయి కూడా.

"ఏడుపు స్పెషలిస్టా?" అన్నారు చివరికి. "ఫేస్ బాగుంటుందా?"

ఇక్కడ వరప్రసాద్ గారి గతం కొంత చెప్పాలి. రాజకీయాల్లోకి రాకముందు ఆయన మూడు సినిమాలు తీసి, మూడింటికీ సక్సెస్ మీట్లు జరిపిన నిర్మాత. సక్సెస్ మీట్ అనేది ఫిలింనగర్ ఆచారం. సినిమా విడుదలైన రోజు మధ్యాహ్నానికల్లా హోటల్లో వేదిక కట్టి, శాలువాలు కప్పుకుని, ఇంత పెద్ద విజయం ఇచ్చిన ప్రేక్షకులకు దండం పెడతారు. ఆ ప్రేక్షకులు అప్పటికింకా థియేటరుకు బయల్దేరి ఉండరు. విజయం సాధించిందని విని బయల్దేరతారు. బయల్దేరితే విజయం సాధిస్తుంది. ఇందులో తప్పేమీ లేదని పరిశ్రమలో పెద్దలందరి నమ్మకం. వరప్రసాద్ గారి మూడో సినిమాకైతే హాలు దొరకని రద్దీలో సక్సెస్ మీట్ విడుదలకు ముందురోజే జరిగిపోయింది. ఆ తర్వాత విడుదల చేయడం అనవసర ఖర్చని మానుకున్నారు.

ఇప్పుడు పథకానికీ సక్సెస్ మీట్ పెట్టాలని సంకల్పించారు. సాయం ఇంకా ఎవరికీ అందలేదని వేదవ్యాస్ గుర్తుచేస్తే, అందుకే కదండీ పెడుతున్నాం అన్నారు. విశాలాక్షి గారికి వేదిక మీద తన చేతుల మీదుగా కార్డు ఇస్తాననీ, టెస్టూ గిస్టూ ఏమీ అక్కర్లేదనీ, మర్నాడే ఆపరేషననీ చెప్పారు. అందుకు ఆవిడ చేయవలసిందల్లా తొలి లబ్ధిదారుగా, గొంతు తిరిగొచ్చిందని నాలుగు ముక్కలు మాట్లాడటం.

"గొంతు లేదు కదా సార్," అన్నాడు వేదవ్యాస్.

ఛైర్మన్ గారు, మల్లికార్జున్ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఫిలింనగర్‌లో గొంతు లేకపోవడం ఎప్పటినుంచి సమస్య అయిందో వాళ్ళకు అర్థం కాలేదు.

"పిల్లతోని చెప్పిద్దమన్నా," అన్నాడు మల్లికార్జున్. "హీరోయిన్లకు డబ్బింగ్ చెప్పే పూజిత ఉన్నది కద. తెర ఎనక నిలబడి చెప్తది. అమ్మ పెదాలు కదిపితె చాలు."

ఆపరేషన్ కాకముందే అయిందని చెప్పడం గురించి వేదవ్యాస్ నసిగాడు. సినిమా విడుదల రోజు పొద్దున్నే 'ఘన విజయం' అని పోస్టర్ వేస్తామే, అది అబద్ధమా అని ఛైర్మన్ గారు అడిగారు. అబద్ధం కాదు, కాస్త ముందుగా చెప్పిన నిజం. ఒక్క రోజు తేడా. మర్నాటికి ఎటూ నిజమైపోతుంది.

మల్లికార్జున్ కిందికి దిగి వచ్చి చెప్పిందంతా విని, విశాలాక్షి గారు ఒకే ఒక్కటి అడిగారు. ఆవిడ పెదాలు చూసి వేదవ్యాస్ పైకి చెప్పాడు. "మర్నాడేనా?"

"పక్కా అమ్మా. నాది పూచీ," అన్నాడు మల్లికార్జున్.

ఆవిడ ఒప్పుకున్నారు. ఉపన్యాసం వేదవ్యాస్ రాశాడు. 'గౌరవనీయ' ఎక్కడా జారిపోలేదు.

జూబ్లీహిల్స్‌లోని ఫంక్షన్ హాలు క్రిక్కిరిసింది. టీవీలవాళ్ళు ప్రత్యక్ష ప్రసారం పెట్టారు. వేదిక మీద విశాలాక్షి గారు మైకు ముందు నిలబడ్డారు. తెర వెనక ఇంకో మైకు ముందు పూజిత నిలబడింది. "గౌరవనీయ ఛైర్మన్ గారు నాకు గొంతు ఇచ్చారు," అంది పూజిత. విశాలాక్షి గారి పెదాలు అక్షరం తప్పకుండా కదిలాయి. ఇరవయ్యేళ్ళు ఎవరెవరి పెదాలకో తన గొంతు అతికిన మనిషికి, ఎవరి గొంతుకో తన పెదాలు అతకడం ఏమంత కష్టం కాదు. ముందు వరుసలో కూర్చున్న డబ్బింగువాళ్ళకు కూడా అనుమానం రాలేదు.

"ఇక నా గొంతు జీవితాంతం నాతోనే ఉంటుంది," అన్న మాట దగ్గర చిన్న ఇబ్బంది వచ్చింది. విశాలాక్షి గారు ఏడ్చారు. వేదవ్యాస్ రాసినదాంట్లో ఏడుపు లేదు. పూజితకు ఏం చేయాలో తోచలేదు. ఆ పిల్ల ఏడుపు సీన్లు చేయదు, గొంతు పాడవుతుందని. వేదిక మీద భుజాలు ఎగసిపడుతున్నాయి, హాల్లో నిశ్శబ్దం. సౌండ్ ఇంజనీరు అనుభవజ్ఞుడు. తన కంప్యూటర్లో దాచుకున్న పాత ఏడుపుల్లోంచి ఒకటి తీసి వదిలాడు.

హాలంతా కరిగిపోయింది. ఛైర్మన్ గారు కళ్ళజోడు తీశారు. వేదిక మీద విశాలాక్షి గారు మాత్రం ఒక్క క్షణం ఏడవడం ఆపి, తల పక్కకు వంచి, స్పీకరు వైపు చూశారు. సొంత గొంతును అంత దగ్గరగా విని ఆవిడకు చాలాకాలమైంది. అది కొడుకు పోయిన ఏడుపు. తర్వాత మళ్ళీ పెదాలు కలిపారు.

కార్డు ఇచ్చారు. శాలువా కప్పారు. పథకం నూటికి నూరు పాళ్ళు విజయవంతమైందని ఛైర్మన్ గారు ప్రకటించారు. ఆధారం కావాలన్నవాళ్ళు ఈ సభను చూసుకోవచ్చన్నారు. ఆ రాత్రే ఆయన పథకం గురించి మిగతా రాష్ట్రాలకు చెప్పడానికి ఢిల్లీ విమానం ఎక్కారు. మల్లికార్జున్ కూడా పూచీతో సహా వెంట వెళ్ళాడు.

మర్నాడు పొద్దున్నే విశాలాక్షి గారు బట్టలు సంచిలో సర్దుకుని, ఆసుపత్రికి చీటీ రాయించుకోవడానికి వేదవ్యాస్‌తో మండలికి వచ్చారు. తిరుమలేశ్ లేచి నిలబడి దండం పెట్టాడు. రహమత్ నగర్‌లో తమ గల్లీ మొత్తం టీవీలో చూసిందనీ, వాళ్ళమ్మ ఆగకుండా ఏడ్చిందనీ చెప్పాడు. కార్డు తీసుకుని మిషన్లో గీకాడు. తెర మీద పడింది చదివి, సంతోషంగా ఇటు తిప్పి చూపించాడు. 'చికిత్స పూర్తయినది' అని ఉంది.

"ఒక గొంతుకు ఒకటే ఆపరేషనమ్మా. మీదైపోయింది."

కాలేదన్నాడు వేదవ్యాస్.

"కాకుంటె నిన్న ఎట్ల మాట్లాడింది సార్? రాష్ట్రమంత చూసింది గద."

"అది ఆవిడ గొంతు కాదండీ."

తిరుమలేశ్ అటూ ఇటూ చూసి స్వరం తగ్గించాడు. "గట్లనకుండ్రి సార్. నిన్నటి మాటలు రాసింది మీరే అని పేపర్ల పడ్డది. మీరు రాసింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా?"

వేదవ్యాస్ తర్కశాస్త్రమంతా ఒకసారి వెతుక్కున్నాడు. విశాలాక్షి గారు సంచి కిందపెట్టి, కౌంటరు చెక్క పట్టుకుని నిలబడ్డారు. ఆవిడ ముఖం చూసి తిరుమలేశ్ మనసు కరిగింది. చెప్పాను కదా, మర్యాదస్తుడు.

ఒక దారి ఉందన్నాడు. చికిత్స ఫలించలేదని లబ్ధిదారు ఫిర్యాదు చేస్తే కేసు మళ్ళీ తెరవొచ్చు. రాసిచ్చిన ఫిర్యాదులు తీసుకోరు, ఎవరైనా రాసేయొచ్చు కాబట్టి. నోటితో చెప్పాలి, తాను ఫోన్‌లో రికార్డు చేసి పైకి పంపిస్తాడు.

"ఆవిడ తరఫున నేను చెబుతాను," అన్నాడు వేదవ్యాస్.

"చెల్లదు సార్. ఒకరికి ఇంకొకరు గొంతిచ్చుడు మా దగ్గర నడవది. మోసాలైతయ్."

తిరుమలేశ్ ఫోన్ తీసి, రికార్డింగ్ నొక్కి, ఆవిడ ముందు పెట్టాడు.

"చెప్పుండ్రమ్మా. 'నాకు గొంతు లేదు'. గంతే. జర గట్టిగ."

విశాలాక్షి గారు కొంగు నడుముకు దోపుకున్నారు. నోరు తెరిచారు. క్యూలో వెనకున్నవాళ్ళు మాటలు ఆపి, వినడానికి ముందుకు వంగారు.